ఫ్రీ క్లోరిన్ 3 ఉన్నా నాలుగో రోజుకే గోడలకు పాకుడు, ఎక్కడ తప్పుతోంది?

పాకుడుగోడ:
కాంక్రీటు ఈత కొలను. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, లోతు ఒక పక్క 1 మీటరు, ఇంకో పక్క 1.8. ఇసుక ఫిల్టర్, పంపు రోజుకు 8 గంటలు. క్లోరిన్ కోసం 200 గ్రాముల బిళ్లలు వారానికి రెండు, తేలే డబ్బాలో. ఐదు నెలలుగా ఇదే పద్ధతి. పరీక్ష స్ట్రిప్ మీద ఫ్రీ క్లోరిన్ (ఇంకా ఖర్చవని క్లోరిన్) 3, పీహెచ్ 7.8. బ్రష్ కొట్టిన నాలుగో రోజుకల్లా గోడ చేతికి జారుతోంది, నీడ పడే వైపు పచ్చగా తిరుగుతోంది. స్కిమ్మర్ (పైనీటిని ఫిల్టర్‌కి లాగే గోడ గూడు) నోట్లో గులాబీ రంగు బంక. షాక్ అని అమ్మే డైక్లోర్ పొడి కిలో చొప్పున రెండుసార్లు వేశాను. రెండ్రోజులు తేటపడి మళ్లీ మామూలే. నాచు మందు కొనమంటారా?

నీటిలెక్క:
మందు సంగతి తర్వాత. మీరు చెప్పని అంకె ఒకటుంది: స్టెబిలైజర్, అంటే సయన్యూరిక్ యాసిడ్. డబ్బా మీద 90 శాతం క్లోరిన్ అని ఉంటే మీ బిళ్లలు ట్రైక్లోర్. మీ కొలనులో సుమారు 45,000 లీటర్లు పడతాయి. ఒక్కో బిళ్ల అందులో 4 పీపీఎం (లీటరుకు 4 మిల్లీగ్రాములు) క్లోరిన్‌తో పాటు 2.4 పీపీఎం దాకా స్టెబిలైజర్ వదులుతుంది. క్లోరిన్ రోజూ ఖర్చయిపోతుంది. స్టెబిలైజర్ ఎండకు ఎగిరిపోదు, ఇసుకలో ఆగదు, నీళ్లు బయటికి పోతేనే పోతుంది. వారానికి రెండు బిళ్లలు, 20 వారాలు: 96. కిలో డైక్లోర్‌కి ఇంకో 11, రెండుసార్లకు 22. బ్యాక్‌వాష్‌లో (ఫిల్టర్‌లోకి నీళ్లు ఎదురు తిప్పి కడిగినప్పుడు) కొంత పోయినా వంద పైనే ఉండాలి.

ఇది క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడుతుంది, నిజమే. కాపాడుతూనే పట్టేసుకుంటుంది కూడా. ఆ పట్టుబడిన క్లోరిన్‌ను సైతం స్ట్రిప్ ఫ్రీ క్లోరిన్ కిందే లెక్కేస్తుంది. అందుకే అంకె 3, పాకుడు పాకుడే. మోటు లెక్క ఏంటంటే, ఫ్రీ క్లోరిన్ ఎప్పుడూ స్టెబిలైజర్‌లో 7.5 శాతానికి తగ్గకూడదు. పట్టిన నాచును చంపాలంటే 40 శాతం కావాలి.

స్టెబిలైజర్‌కి స్ట్రిప్‌ను నమ్మొద్దు. నల్ల చుక్క గొట్టం ఉన్న కిట్ తెచ్చుకోండి. కిట్‌లోని మందు కలిపిన కొలను నీళ్లు పల్చటి మజ్జిగలా తెల్లబడతాయి, అడుగున ఉన్న చుక్క కనబడకుండా పోయే దాకా గొట్టంలో పోయాలి. పగటి వెలుగులో, వీపు సూర్యుడి వైపు తిప్పి, గొట్టం నడుము ఎత్తున పట్టుకుని పైనుంచి చూడాలి. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద చూస్తే అంకె తప్పుతుంది. వంద దాటేట్టుంటే కొలను నీళ్లు సగం, కుళాయి నీళ్లు సగం కలిపి చూసి, వచ్చినదాన్ని రెట్టింపు చేయండి.

తేటనీరు:
ఇంత తిప్పలెందుకండీ? రాగి కలిసిన నాచు మందు ఒక సీసా, ఫాస్ఫేట్ తీసే మందు ఒక సీసా. నాచుకు తిండే లేకపోతే ఎక్కడ పెరుగుతుంది?

నీటిలెక్క:
రాగి నాచును ఆపదని అనను. కానీ అది నీళ్లలోనే పేరుకుంటుంది. పీహెచ్ పెరిగిన రోజున గచ్చు మీద నీలిపచ్చ మరకలుగా దిగుతుంది, లేతరంగు జుట్టుకూ పడుతుంది. గులాబీ బంక అసలు నాచే కాదు, బ్యాక్టీరియా. ఇక ఫాస్ఫేట్ అంటారా, క్లోరిన్ చాలినంత ఉంటే తిండి ఎంతున్నా తినేది బతకదు కదా.

పాకుడుగోడ:
సగం సగం కలిపి చూశాను, చుక్క 55 దగ్గర మాయమైంది. అంటే 110. ఇప్పుడేం చేయాలి?

నీటిలెక్క:
110కి కనీసం 8 ఉండాల్సింది, మీరు 3తో నెట్టుకొస్తున్నారు. ఈ నీళ్లలోనే చంపాలంటే క్లోరిన్ 44కి ఎక్కించి అక్కడే నిలపాలి, దండగ. నీళ్లు మార్చండి.

ఒకేసారి ఖాళీ చేయొద్దు. భూగర్భ జలం పైకి ఉన్న చోట ఖాళీ కొలను అడుగునుంచి లేచి పగులుతుంది. సగం తోడండి, అంటే మట్టం 70 సెంటీమీటర్లు దిగుతుంది, తక్కువ లోతు వైపు ఇంకా 30 మిగులుతుంది. నింపి, పంపు ఒక రోజు తిప్పి, మళ్లీ సగం. 110 నుంచి 55, అక్కణ్నుంచి 27కి వస్తుంది. వానలు పడి నేల నానిన రోజుల్లో ఈ పని పెట్టుకోకండి.

తర్వాత మ్యూరియాటిక్ (హైడ్రోక్లోరిక్) యాసిడ్‌తో పీహెచ్ 7.2కి దించండి. అర లీటరుతో మొదలుపెట్టి అరగంటకోసారి చూసుకోండి. ఇది ముందే చేయాలి, ఎందుకంటే క్లోరిన్ 10 దాటాక పీహెచ్ పరీక్ష ఎక్కువ చూపిస్తుంది. యాసిడ్‌కీ క్లోరిన్‌కీ మధ్య పంపు నడుస్తూ కనీసం అరగంట ఎడం ఉండాలి. రెండూ ఒకే బకెట్‌లో పడితే వచ్చేది విషవాయువు.

ఇక క్లోరిన్ 12కి ఎక్కించాలి. 10 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రవం మీ కొలనుకు 450 మిల్లీలీటర్లు పోస్తే 1 పీపీఎం, కాబట్టి సున్నా నుంచి అయితే 5.4 లీటర్లు. ఎండలో నిలవున్న క్యాన్ అయితే సత్తువ తగ్గి ఉంటుంది, గంట తర్వాత పరీక్షించి తక్కువైంది కలపండి. పగలు రెండు మూడు గంటలకోసారి చూసి మళ్లీ 12కి తేవాలి. పంపు 24 గంటలూ తిరగాలి, గోడలు రోజూ బ్రష్ చేయాలి. చాలామంది మొదటి రోజు ఒక్కసారి పోసి తెల్లారి చూస్తారు. రాత్రికే అది 2కి పడిపోయి ఉంటుంది, నాచు మళ్లీ లేస్తుంది. మీ రెండు కిలోలూ అట్లాగే పోయాయి.

మామూలు గులాబీరంగు పరీక్షతో జాగ్రత్త. క్లోరిన్ బాగా ఎక్కువైతే రంగునే కొట్టేసి సున్నా చూపిస్తుంది. చుక్కలు లెక్కపెట్టే కిట్ వాడండి: 10 మిల్లీలీటర్ల నీళ్లలో పొడి వేసి, గులాబీ రంగు పోయే దాకా చుక్కలు. చుక్కకు 0.5 పీపీఎం.

ఎప్పుడు ఆపాలంటే: నీళ్లు అడుగు దాకా తేటగా ఉండాలి, కంబైన్డ్ క్లోరిన్ (మురికితో కలిసి సత్తువ తగ్గిన క్లోరిన్) 0.5 లేదా అంతకంటే తక్కువ ఉండాలి, పొద్దుగుంకాక చూసిన క్లోరిన్‌కీ పొద్దు పొడవకముందు చూసినదానికీ తేడా 1 మించకూడదు. మూడూ కుదరాలి. రాత్రి ఎండ లేదు కదా, అయినా క్లోరిన్ తరిగిందంటే తినేది ఇంకా ఎక్కడో బతికే ఉంది.

ఇసుకపెట్టె:
ఆ ఎక్కడో అన్నదాని గురించి. బంక తన చుట్టూ జిగురుపొర కట్టుకుంటుంది, పైనుంచి వచ్చే క్లోరిన్ ఆ పొర మీదే ఖర్చవుతుంది. అందుకే ముందు గీకాలి. స్కిమ్మర్ రేకు ఊడదీసి వెనకవైపు వేలితో రాసి చూడండి, జిగురు అక్కడే దొరుకుతుంది. నిచ్చెన కాళ్లు దిగే గుంతలు, లోపల డొల్లగా ఉండే నిచ్చెన గొట్టాలు, వ్యాక్యూమ్ పైపు, తేలే డబ్బా అడుగు, ఇవన్నీ చూడాలి. అందరూ మరిచేది నీళ్లలోని లైటు. మెయిన్ స్విచ్ ఆపి, స్క్రూ తీసి, లైటును గట్టు మీదికి లాగండి. వెనక గూట్లో నీళ్లు కదలవు, పచ్చటి ముద్ద అక్కడ తయారై ఉంటుంది. బ్రష్ తోమి, కాస్త క్లోరిన్ నీళ్లు ఆ గూట్లోకే పోయాలి.

ఫిల్టర్: శుభ్రంగా ఉన్నప్పటి ప్రెజర్ రాసిపెట్టుకోండి. దానికి నాలుగో వంతు పెరిగితే బ్యాక్‌వాష్, అంటే 12 ఉండేది 15 అయినప్పుడు. ఊరికే రోజూ చేయకండి, కాస్త మట్టి పట్టిన ఇసుకే బాగా వడకడుతుంది. బ్యాక్‌వాష్ చేసినా ఇసుక బంకగా ఉందనిపిస్తే పంపు ఆపి, గాలి వదిలి, మూత తీయండి. నీళ్ల పైపు ఇసుకలోకి నెమ్మదిగా దించి మురికి పైకి పొర్లనివ్వాలి. అడుగున వేళ్లలాంటి సన్నటి ప్లాస్టిక్ గొట్టాలుంటాయి, పొడిస్తే విరుగుతాయి, ఆ తర్వాత కొలనులోకి ఇసుకే వస్తుంది. వాల్వ్ పిడి మాత్రం పంపు నడుస్తుండగా తిప్పొద్దు.

పాకుడుగోడ:
నీళ్లు తోడటం ఇవాళే మొదలుపెడతాను. మిగిలిన బిళ్లలు పారేయాలా? తేలే డబ్బాలో కాల్షియం హైపోక్లోరైట్ (స్టెబిలైజర్ లేని ఇంకోరకం క్లోరిన్) వేసుకోవచ్చా?

నీటిలెక్క:
బిళ్లలు పొడిచోట దాచండి, ఊరెళ్లిన వారానికి పనికొస్తాయి. మామూలు రోజుల్లో ద్రవమే పోసి క్లోరిన్ 4-5 మధ్య ఉంచండి. ఆ డబ్బాలో మాత్రం కాల్షియం హైపోక్లోరైట్ వేయొద్దు, కడిగాక కూడా వద్దు. ట్రైక్లోర్ తడిపొడి దానికి తగిలితే మంట లేస్తుంది, డబ్బా పేలొచ్చు. రెండింటికీ చెంచాలు కూడా వేర్వేరుగా పెట్టుకోండి.