గ్రీన్ హైడ్రోజన్ కోర్సుకు 40 వేలు కట్టాల్నా? రామగుండంల పని దొరుకుతదా?

హన్మకొండ_పోరడు:
మా తమ్ముడు కెమికల్ డిప్లొమా చేసి ఇంట్లనే ఉన్నడు. మొన్న ఒక ట్రైనింగ్ సెంటరోళ్లు ఫోన్ చేసి గ్రీన్ హైడ్రోజన్ కోర్సు, ఆర్నెల్లు, 40 వేలు, అయిపోంగనే రామగుండంల ఉద్యోగం పక్కా అన్నరట. అసలు ఆ హైడ్రోజన్ మన దిక్కు వస్తదా, లేకుంటే వీళ్ల దుకాణమేనా? తెలిసినోళ్లు జెర చెప్పుండ్రి.

ఖని_సెకండ్‌షిఫ్ట్:
తమ్మీ, వచ్చుడేంది, రామగుండం ఎరువుల ఫ్యాక్టరీల రోజూ తయారైతనే ఉంది గదా! యూరియాకు అమ్మోనియా కావాలె, అమ్మోనియాకు హైడ్రోజన్ కావాలె, దాన్ని రిఫార్మర్ అనే కొలిమిల సహజవాయువు నుంచి తీస్తరు. మా బాపు ఆడనే పాత ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీల చేసిండు, అప్పుడు బొగ్గు నుంచి తీసేది, 1999ల మూతపడ్డది, 2021ల కొత్తది గ్యాస్ మీద షురువైంది. రేపు సోలార్, గాలి కరెంటుతోని నీళ్లను విడగొట్టి తీస్తే గదే గ్రీన్. ఏడికెళ్లి వచ్చినా హైడ్రోజన్ హైడ్రోజనే, అమ్మోనియా చేసే కన్వర్టర్‌కు ఫరక్ పడది.

కాజీపేట_కెమిస్ట్:
కన్వర్టర్‌కు పడది గని యూరియాకు పడ్తదన్నా. యూరియాల కార్బన్ డయాక్సైడ్ గూడ కలవాలె, ఇప్పుడది ఆ గ్యాస్ నుంచే వస్తుంది. నీళ్లల కార్బన్ ఏడుంటది? పక్కకున్న ఎన్టీపీసీ పొగగొట్టం కాడ పట్టుకోవాలె, అదొక ఖర్చు. ఇగ కరెంటు లెక్క చూడు, కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్ల పైనే. ఆ ఫ్యాక్టరీ రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా ఫుల్లుగ తీస్తే 390 టన్నుల దాక హైడ్రోజన్ పడ్తది, అంటే రోజుకు 2 కోట్ల యూనిట్లు. రామగుండం రిజర్వాయర్ల తేలే 100 మెగావాట్ల సోలార్ ఉంది గదా, మొత్తం దీనికే పెట్టినా 10 టన్నుల కాడనే ఆగుతది.

ఓరుగల్లు_బుల్లెట్:
కేంద్రం 2023 జనవరిల 19,744 కోట్లతోని గ్రీన్ హైడ్రోజన్ మిషన్ పెట్టింది, 2030 కల్లా ఏడాదికి 50 లక్షల టన్నులట 😀 పెద్ద ప్లాంటుకు శంకుస్థాపన అయింది మాత్రం అనకాపల్లి దిక్కు పూడిమడకల. ఎగుమతి చెయ్యాలంటే సముద్రం ఉండాలె, మనకాడ గోదారి ఉంది.

ఖని_సెకండ్‌షిఫ్ట్:
కెమిస్ట్ తమ్మి లెక్క కరెక్టే, నేను కార్బన్ సంగతి మర్చిపోయిన. మన దిక్కు వస్తే గిస్తే గ్యాస్‌ల కొంచెం కొంచెం కలుపుడే ముందు. మీ తమ్మున్ని కంప్రెసర్లు, బాయిలర్ నేర్సుకోమను, హైడ్రోజన్ ఏ రంగుదైనా అవి తిప్పెటోడు కావాల్సిందే. ఆ సెంటర్ల నీళ్లను విడగొట్టే ఎలక్ట్రోలైజర్ మిషన్ ఉందా అడుగు.

హన్మకొండ_పోరడు:
ఇప్పుడే ఫోన్ చేసి అడిగిన. పీపీటీల చూపిస్తరట.