పాత యుద్ధనౌకలకు కొత్త సామాను పెట్టి నడపాలా, జెండా దించేయాలా?

పంటురేవు (సఖినేటిపల్లి):
అందరికీ నమస్కారమండి. 2019 నవంబరులో కాకినాడ తీరంలో అమెరికా నేవీతో కలిసి టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు జరిగాయి, గుర్తుందా? అప్పుడు సైనికులని తీరాన దించే మన ఓడ ఐఎన్ఎస్ జలాశ్వ కూడా వచ్చింది. ఆ ఓడ 1971లో ట్రెంటన్ అనే పేరుతో అమెరికా నేవీలో చేరింది. ముప్ఫై అయిదేళ్లు దాటి వాళ్లు వాడుకున్నాక 2007లో మనం కొన్నాం. అంటే ఓడకి యాభై ఏళ్లు దాటాయి. ఇలాంటివాటికి కొత్త రాడార్లు, కొత్త మిషన్లు పెట్టి ఇంకో పది పదిహేనేళ్లు నడపడం మంచిదా, గౌరవంగా పక్కన పెట్టేయడం మంచిదా? నేవీలో చేసినవాళ్లు, ఓడల పని తెలిసినవాళ్లు చెప్పండి. కాలక్షేపానికి అడగడం లేదు.

బోటుమేస్త్రి (తాళ్లరేవు):
మాది మూడు తరాలుగా బోట్లు కట్టే ఇల్లు. మా నాన్న కట్టిన బోటు ఒకటి ఇప్పటికీ భైరవపాలెం నుంచి వేటకి వెళ్తోంది. అడుగు పలకలు రెండుసార్లు మార్చాం. ఇంజను మూడుసార్లు మారింది. సందుల్లో నూలు కూరి గుగ్గిలం పట్టించడం ఏటా ఉండేదే. దాని వయసెంత అంటే ఏం చెప్పను? ఏ పలకకి ఆ పలకదే వయసు.

ఇనుప ఓడ సంగతీ నాకు తెలుసు. ఓ రిపేరు యార్డులో ఆరేళ్లు కాంట్రాక్టు వెల్డర్‌గా చేశాను. రేకు పలచబడితే కోసి కొత్తది వేస్తాం. ఐఎన్ఎస్ ఢిల్లీ 1997లో చేరిన ఓడ. మార్పులు చేసి 2022 ఏప్రిల్లో దాని మీంచి బ్రహ్మోస్ క్షిపణి పేల్చారు. ముసలిదని పక్కన పెట్టి ఉంటే?

కొత్తవి కట్టుకోవచ్చు కదా అంటారేమో. కల్వరి రకం సబ్‌మెరైన్లకి ఒప్పందం 2005లో రాసుకుంటే మొదటిది నేవీలో చేరింది 2017 డిసెంబరులో. ఆ పన్నెండేళ్లు సముద్రం ఆగుతుందా?

ఇంజన్‌రూమ్ (అమలాపురం దగ్గర):
నేను పదిహేనేళ్లు నేవీలో స్టోకర్‌ని, అంటే బాయిలర్లు, ఇంజన్లు చూసే పనివాణ్ణి. ఒడిశాలో చిలక నేవీ కేంద్రంలో ట్రైనింగు, ఆ తర్వాత ఓడ అడుగున ఆవిరి గొట్టాల మధ్యే బతుకు. ఏ ఓడో చెప్పను.

మేస్త్రి గారూ, మీ బోటుకి పలకలు, ఇంజను తప్ప ఇంకేం ఉన్నాయండి? యుద్ధనౌకలో మైళ్ల కొద్దీ కేబుళ్లు, వేల వాల్వులు, మనిషి చెయ్యి పట్టని సందుల్లో పైపులు ఉంటాయి. పైన కొత్త మిసైల్ పెడితే పేపర్లో ఫొటో వస్తుంది. కింద పైపు పాతదే. చిప్పింగ్ సుత్తితో తుప్పు కొడుతుంటే ఒకసారి రంగు పెచ్చుతో పాటు పైపు ముక్కే ఊడి చేతిలోకి వచ్చింది. లోపల బొటనవేలు దూరేంత చిల్లు. ఏడు పొరల రంగు ఆ నీటిని ఆపుతోంది. ఇనుము కాదు.

కోరంగి మడ:
1971లో వైజాగ్ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని ముంచింది రాజ్‌పుత్ కదండీ. అంత చరిత్ర ఉన్న ఓడకి 2021లో జెండా దించేశారు. బాధగా లేదా ఎవరికీ?

లెక్కలబాబు (భీమవరం):
అవి రెండు వేరు ఓడలండి. 1971 నాటి రాజ్‌పుత్ రెండో ప్రపంచ యుద్ధం కాలంలో స్కాట్లండ్‌లో కట్టిన డిస్ట్రాయర్. 2021 మే 21న విశాఖలో విశ్రాంతి తీసుకున్నది సోవియట్ వాళ్లు కట్టింది, 1980లో చేరింది. 41 ఏళ్లు చేసింది. బ్రహ్మోస్‌ని ఓడ మీంచి మొదట పరీక్షించింది దాని మీదే.

బోటుమేస్త్రి:
మరింకేం! 1971 రాజ్‌పుత్ అప్పటికే ముసలిది కదా. విమానాలు మోసే ఓడ విక్రాంత్‌ని అండమాన్ల వైపు దాచిపెట్టి, ఈ ముసలిదాన్ని వైజాగ్ దగ్గర ఉంచి విక్రాంత్‌లా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. ఘాజీ దాన్ని నమ్మే వచ్చింది. పాత ఓడ పని పాత ఓడదే.

ఇంజన్‌రూమ్:
ఘాజీ కొత్తదా? 1944లో అమెరికాలో నీళ్లలోకి దిగిన సబ్‌మెరైన్. టర్కీలో రిఫిట్ చేయించి తెచ్చుకున్నారు. రిపేరు చేయించిన పాతదానికి ఏం జరిగిందో మన తీరంలోనే ఉంది చూడండి.

బోటుమేస్త్రి:
ఘాజీ పాతదని మునగలేదు. డెప్త్ చార్జిల (నీళ్లలోకి జారవిడిచే బాంబుల) వల్ల మునిగిందని మనవాళ్లు, లోపలి పేలుడో సొంత మైనో అని పాకిస్తాన్ వాళ్లు అంటారు. తుప్పు వల్ల అని ఎవరన్నారు?

ఇంజన్‌రూమ్:
లోపలి పేలుడు అంటే ఏంటండి? పాత బ్యాటరీలు, హైడ్రోజన్. కావచ్చు కదా?

బోటుమేస్త్రి:
కావచ్చు అంటే సాక్ష్యం కాదు.

కోరంగి మడ:
ఘాజీ మాట నేనెందుకు ఎత్తానో బాబూ.

నిర్వాహకుడు:
ఘాజీ ఎందుకు మునిగిందో నేవీలే యాభై ఏళ్లుగా తేల్చలేదు, మనం తేల్చలేం. అసలు ప్రశ్నకి రండి.

లెక్కలబాబు:
నేను డబ్బు సంగతి చెప్తాను. విమానాలు మోసే ఓడ విక్రమాదిత్య విషయమే తీసుకోండి. గోర్ష్‌కోవ్ అనే పాత రష్యా ఓడని బాగుచేసి ఇవ్వడానికి 2004లో 97.4 కోట్ల డాలర్లు అనుకున్నారు. చివరికి 230 కోట్లు దాటింది. 2008లో రావాల్సింది 2013 నవంబరులో నేవీలో చేరింది. అన్నీ అయ్యాయి అనుకున్నాక 2012 ట్రయల్స్‌లో బాయిలర్లు దెబ్బతిని ఇంకో ఏడాది పోయింది. పాత ఓడని విప్పేదాకా లోపల ఏముందో తెలియదు, అక్కడే వస్తుంది తంటా.

అమెరికా ఇంకా ఘోరం. టికాండరోగా రకం క్రూయిజర్లు ఏడింటిని ఆధునికీకరించడం మొదలుపెట్టి, నాలుగింటిని మధ్యలోనే వదిలేసింది. ఆ నాలుగూ మళ్లీ డ్యూటీకి వెళ్లనే లేదు. వాటి మీద పోసింది 184 కోట్ల డాలర్లు. 2024 డిసెంబరులో వాళ్ల ప్రభుత్వ ఆడిట్ సంస్థే చెప్పింది.

మన విశాఖలోనే సింధుకీర్తి సబ్‌మెరైన్ 2006లో రిఫిట్‌కి వెళ్లి 2015లో బయటికి వచ్చింది. తొమ్మిదేళ్లండి!

లంకపొలం (ముమ్మిడివరం):
హేవలాక్ వంతెన గుర్తుచేసుకోండి. 1900 నుంచి రైళ్లు నడిచాయి. పక్కన ఆర్చి వంతెన సిద్ధమయ్యాకే 1997లో దాన్ని ఆపారు. ధవళేశ్వరంలోనూ అంతే. 1852 నాటి కాటన్ ఆనకట్టని బ్యారేజీ వచ్చేదాకా కాపాడుకుంటూ వచ్చారు. లేకపోతే మా పొలాలు ఎండేవి. కొత్తది చేతిలో ఉంటే పాతది వదలండి, లేకపోతే వదలకండి. ఇంతే కదా.

బోటుమేస్త్రి:
లంకపొలం గారు బంగారం లాంటి మాట చెప్పారు. ఇదే నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది. జలాశ్వ సంగతి చూడండి. దాని బదులు కొత్త ల్యాండింగ్ ఓడలు కడతామన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి కాగితం మీదే ఉంది. 2020లో కరోనా వచ్చినప్పుడు మాల్దీవుల నుంచి 698 మందిని కొచ్చికి తెచ్చింది ఆ ముసలి ఓడే. జెండా దించేసి ఉంటే ఎవరు వెళ్లేవారు?

ఇంజన్‌రూమ్:
2008లో అదే జలాశ్వలో విషవాయువు పీల్చి మనవాళ్లు చచ్చిపోయారు. మన నేవీలో చేరి ఏడాది కూడా కాలేదు. ఆ మాట మీ నోటికి ఎందుకు రాదండి?

2014 ఫిబ్రవరిలో సింధురత్న సబ్‌మెరైన్ బ్యాటరీ గదిలో పొగ వచ్చి ఇద్దరు ఆఫీసర్లు పోయారు. అదీ 1988 నాటి పడవ, రిఫిట్ అయ్యాక సముద్రంలో పరీక్షలకి వెళ్లింది. ఆ రోజే అప్పటి నేవీ చీఫ్ అడ్మిరల్ డి.కె. జోషి రాజీనామా చేశారు. రిఫిట్ చేసి సంతకాలు పెట్టినవాళ్లలో ఎంతమంది రాజీనామా చేశారో నాకు తెలియాలి.

బోటుమేస్త్రి:
ఏ ప్రమాదం జరిగినా ఓడ వయసు మీదకి తోసేస్తే ఎలా? గ్యాస్ కొత్త ఓడలోనూ వస్తుంది. మీకు నేవీ పదిహేనేళ్లు అన్నం పెట్టింది, ఇప్పుడు పెన్షన్ ఇస్తోంది. మీరు ఓడలు వద్దు, రిపేర్లు వద్దు అంటున్నారు. రిపేరు పని మీద బతికే వెల్డర్లు, ఫిట్టర్లు, వాళ్ల పిల్లలు మీ లెక్కలో లేరు.

ఇంజన్‌రూమ్:
పెన్షన్ మాట ఎత్తారు కాబట్టి చెప్తాను. నా కుడి చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం వేరే రంగులో ఉంటుంది. ఆవిరి లైను జాయింటు ఊడింది. నా పక్కనున్న కుర్రాడికి ఇరవై రెండేళ్లు. వాడికి ముఖం. మా ఓడ అప్పటికి నాలుగు నెలల క్రితమే రిఫిట్ నుంచి వచ్చింది. ఆ లైను మార్చినట్టు కాగితంలో ఉంది. విప్పి చూస్తే పాత లైనే, పైన కొత్త రంగు, కొత్త తొడుగు.

నాకు రిపేరు అంటే ఎందుకు మంటో ఇప్పుడు తెలిసిందా. మీలాంటివాళ్లు రంగేసి ఇచ్చిన ఓడ ఎక్కి వచ్చానండి నేను.

కోరంగి మడ:
అయ్యో.

లంకపొలం:
మేస్త్రి గారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాస్త ఆగి రాయండి. పెన్షన్ల జోలికి ఎవరూ వెళ్లొద్దు.

బోటుమేస్త్రి:
నిన్న రాత్రి నుంచి అన్నం సయించలేదు. ముందు ఆ పెన్షన్ మాటకి క్షమించండి, తప్పు నాదే.

కానీ "మీలాంటివాళ్లు" అన్నారు కాబట్టి ఇదీ వినండి. నేను ఆ యార్డు ఎందుకు వదిలానో మా ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. ఒక ఓడ అడుగున రేకు పోయింది. బాల్ పీన్ సుత్తితో కొడితే మట్టికుండ మీద కొట్టినట్టు చప్పగా పలికింది. మూడు మీటర్ల ముక్క కోసి మార్చాలని సూపర్‌వైజర్‌కి చెప్పాను. నీళ్లలోకి దించే తేదీ అప్పటికే పెద్దవాళ్లకి చెప్పేశారట. దాని మీదే ఇంకో రేకు పరిచి చుట్టూ వెల్డింగ్ పెట్టమన్నారు. పోయిన ఇనుము మీద వెల్డింగ్ పట్టదు, కరిగి జారిపోతుంది. నేను పెట్టనన్నాను. వారం తిరక్కుండా గేటు పాసు ఆపేశారు. వేరేవాడు పెట్టాడు.

రిపేరు తప్పు కాదండి. తేదీ కోసం చేసే రిపేరు తప్పు. నా పనిని నేను ఎందుకు తిట్టుకోవాలి?

ఇంజన్‌రూమ్:
మేస్త్రి గారూ, ఈ మాట మొదటి రోజే రాసి ఉంటే నేను అంత మాట అనేవాణ్ణి కాదు. గేటు బయటికి పంపించినా వెల్డింగ్ పెట్టలేదు. మీలాంటివాళ్లే కావాల్సింది.

అయినా మన గొడవ తీరలేదు. పనివాడు నిజం చెప్పినా తేదీ గెలుస్తుందని మీరే రాశారు. అలాంటప్పుడు నాకు ఒక్కటే దారి కనిపిస్తుంది. ఓడకి ఇన్నేళ్లు అని ముందే గీత గీయాలి. గీత దాటితే ఎవరు ఏ సంతకం పెట్టినా కదలకూడదు.

బోటుమేస్త్రి:
గీత గీస్తే ఆ రోజుకి బదులు ఓడ ఉండదు. 1971లో విక్రాంత్‌కి నాలుగు బాయిలర్లలో ఒకటి పగిలింది. మీ గీత ప్రకారం అది రేవులో ఉండాలి. వెళ్లింది, చిట్టగాంగ్, కాక్స్ బజార్ల మీద దాని విమానాలు దాడి చేశాయి. అప్పుడు ఆపేవారా మీరు?

ఇంజన్‌రూమ్:
ఆపేవాణ్ణి కాదు. ఎందుకో చెప్తాను. విక్రాంత్ బాయిలర్ పగిలిందని పైనుంచి కింద దాకా అందరికీ తెలుసు. దానికి తగ్గట్టు వేగం తగ్గించారు, పశ్చిమం వదిలి ఎక్కడ పనికొస్తుందో అక్కడికి పంపారు. తెలిసి వెళ్లారు. నేను వెళ్లిన ఓడలో పైపు బాగుందని రాసి ఉంది. నాకు తెలియదు. ఆ కుర్రాడికి తెలియదు.

లెక్కలబాబు:
అయితే మీరిద్దరూ అడుగుతున్నది వయసు గురించి కాదు. లోపల ఏముందో నిజం రాసే పుస్తకం గురించి, దాన్ని చూసి వద్దనే అధికారం ఎవరిదో దాని గురించి.

బోటుమేస్త్రి:
వద్దనే అధికారం రేకు చూసినవాడికి ఉండాలి. ఆఫీసు గదిలో ఉన్నవాడికి కాదు.

ఇంజన్‌రూమ్:
దాంట్లో ఎక్కి వెళ్లేవాడికి ఉండాలి.

బోటుమేస్త్రి:
ఎక్కేవాళ్లందరికీ ఇస్తే ఏ ఓడా కదలదు స్వామీ. భయం అందరికీ ఉంటుంది.

ఇంజన్‌రూమ్:
భయపడి కాదండి. పదిహేనేళ్లు ఎక్కాను నేను. నాకు చెప్పి ఎక్కించమంటున్నాను.

పంటురేవు:
ప్రశ్న అడిగి ఇన్ని రోజులు మాట్లాడనందుకు ఏమనుకోకండి. మా అబ్బాయి పోయినేడు నేవీలో చేరాడు. వాడికి ఓడ వచ్చింది. ఏ ఓడో ఇక్కడ రాయను, వాడి కంటే చాలా పెద్దది వయసులో. రిఫిట్ అయిపోయిందట, వచ్చే నెల సముద్రంలోకి వెళ్తోంది. వాడు ఫోన్లో ఉషారుగా చెప్పాడు, నాన్నా, అంతా కొత్త రంగేశారు, మెరిసిపోతోంది అని. వాళ్లమ్మ సంతోషపడింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే అడిగాను.

మీ ఇద్దరిలో ఎవరిది రైటో నాకు తెలియదు. వాడు ఆదివారం మళ్లీ ఫోన్ చేస్తాడు. ఏం చెప్పమంటారు?

ఇంజన్‌రూమ్:
అన్నగారూ, భయపెట్టొద్దు. కుర్రాళ్లు భయంతో పని చేస్తే ఇంకా ప్రమాదం. ఇది చెప్పండి. వాడు పనిచేసే చోటు నుంచి పై డెక్ దాకా బయటికి వచ్చే దారి రెండు వైపులా కళ్లు మూసుకుని నడవాలి. ఎన్ని మెట్లు, ఏ చెయ్యి పక్క హ్యాండిల్, తల ఎక్కడ తగులుతుంది, అన్నీ చేతులకి, కాళ్లకి తెలియాలి. పొగలో కళ్లు పనిచేయవు. నేర్పుతారు, కానీ వాడు సొంతంగా రోజూ ఒకసారి చెయ్యాలి. అలాగే మూసి ఉంచిన గది ఏదైనా గాలి పరీక్షించకుండా తల దూర్చకూడదు, లోపల స్నేహితుడు పడిపోయి కనిపించినా సరే. ఈ ఆఖరి మాట రెండుసార్లు చెప్పండి.

బోటుమేస్త్రి:
రంగు మెరుస్తోందన్నాడు కదా. పనిలో చిప్పింగ్ సుత్తి ఎలాగూ చేతికిస్తారు. వాడి చుట్టూ ఉన్న రేకుల మీద, పైపుల బ్రాకెట్ల మీద మెల్లగా కొట్టి వినమనండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, చెయ్యి కొంచెం అదురుతుంది. పోయిన ఇనుము చప్పగా పలుకుతుంది, సుత్తి ఎగరదు. పైపుని మాత్రం, అందులో ఆవిరో నూనో ఉండగా ముట్టుకోవద్దు. ఎక్కడ చప్పగా ఉందో చాక్‌పీసుతో గుర్తు పెట్టి పై అతనికి చెప్పి, తేదీ వేసి రాసి పెట్టుకోమనండి. ఒక్కసారి చెప్పి ఊరుకోవద్దు.

పంటురేవు:
రాసుకున్నానండి. ఆదివారం చెప్తాను.