కోస్తే మాట్లాడే పువ్వు: ఇది ఏ జానపద కథ?
సవతి తల్లి చంపి పాతిపెట్టిన పిల్ల సమాధి మీద తెల్లపూల మొక్క మొలుస్తుంది. ఎవరు కోయబోయినా కొమ్మ అందకుండా పైకి లేచిపోతుంది. అన్న చెయ్యి చాపితే మాత్రం వంగుతుంది. తుంచిన కాడలోంచి నెత్తురు చుక్క కారి, పువ్వు "మెల్లగా అన్నా, నొప్పి" అంటుంది. ముగింపు గుర్తులేదు.

జానపద కథలను రకాలుగా విడదీసి నంబర్లిచ్చే ఆర్నె-థాంప్సన్-ఉథర్ సూచికలో వెతికాను (ఎంతమంది సవతి తల్లులో!). 780వ రకంలో చనిపోయినవారి ఎముకతో చేసిన వాయిద్యం పాడి హత్యను బయటపెడుతుంది. 720వ రకంలో చెట్టు కింద పెట్టిన ఎముకల నుంచి పిట్ట వస్తుంది. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన జూనిపర్ చెట్టు కథ ఈ రకమే. రెండూ దగ్గరగా ఉన్నాయి గానీ, నాకు కావలసింది పువ్వే నోరు విప్పే కథ. "మాట్లాడే పువ్వు" అని నెట్‌లో కొడితే అన్నీ పిల్లల బొమ్మల కథలే.

అందకుండా లేచే కొమ్మ, నెత్తురోడే కాడ, రెండూ ఉన్న కథను ఏ ప్రాంతంలో, ఏ పేరుతో చెబుతారు?