ఓడ మీద గన్‌మన్ ఉద్యోగమట, మావారిని పంపొచ్చా?

అల్వాల్ పద్మ:
అందరికీ నమస్తే. మావారు ఆర్మీలో హవల్దార్‌గా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు బ్యాంకు క్యాష్ వ్యాన్‌కి గన్‌మన్. సొంత లైసెన్సు మీద డబుల్ బ్యారెల్ ఉంది. సికింద్రాబాద్‌లో ఒక ఏజెంటు ఓడల మీద సెక్యూరిటీ ఉద్యోగం ఇప్పిస్తానంటున్నాడు. సముద్రపు దొంగలొస్తే కాల్చాలట, జీతం ఇక్కడికి నాలుగింతలట. ముందుగా లక్షన్నర కట్టమన్నాడు. "మీ గన్ను కూడా పనికొస్తుంది సార్" అన్నాడట. ఆయనకి భలే ఉత్సాహంగా ఉంది, నాకేమో టెన్షన్. అసలిలాంటి ఉద్యోగాలున్నాయా? రేపు ఎవరినైనా కాలిస్తే కేసు ఎవరి మీద పడుతుంది?

సైనిక్‌పురి సెకండాఫీసర్:
పద్మగారూ, ఉద్యోగాలున్నాయి. అనుమానమంతా ఆ ఏజెంటు మీదే. నేను ట్యాంకర్ల మీద పనిచేస్తాను, ఇలాంటి గార్డులతో ఏడెన్ గల్ఫ్ దాటినవాణ్ని.

మీ గన్ను ముచ్చట మర్చిపోండి. ఇక్కడి పోలీస్ కమిషనర్ ఇచ్చిన లైసెన్సుతో విదేశీ ఓడ ఎక్కలేరు. అక్కడి రైఫిళ్లు కంపెనీవి, ప్రతిదానికీ సీరియల్ నంబరుతో కాగితాలుండాలి. చాలా దేశాలు రేవులోకి ఆయుధాలు రానివ్వవు. అందుకని ఎర్ర సముద్రంలో, ఒమన్ గల్ఫ్‌లో పాత ఓడలనే ఆయుధాల గోడౌన్లుగా నిలిపి ఉంచుతారు. గార్డులు ఎక్కడం, దిగడం చాలాసార్లు అక్కడే.

డ్యూటీ అంటే ఎక్కువగా బైనాక్యులర్స్ పట్టుకుని ఎండలో నిలబడటమే. ఓ మధ్యాహ్నం రెండు చిన్న స్పీడ్ బోట్లు మా వెనకపడ్డాయి. టీమ్ లీడర్ మొదట అడిగింది ఓడ ఎక్కే నిచ్చెన కనిపిస్తోందా అని. ఆ వైపు జాలర్లు కూడా వలలు కాపాడుకోవడానికి ఏకే-47లు పెట్టుకుంటారు కాబట్టి తుపాకీ చూసి ఏమీ తేల్చలేం. నిచ్చెన వేసుకుని చేపలు పట్టేవాడైతే ఎవడూ ఉండడు కదా. ఒక బోటులో టార్పాలిన్ కింద నుంచి నిచ్చెన కొస బయటికొచ్చి ఉంది. లీడర్ రైఫిల్‌ని తలపైకి అడ్డంగా ఎత్తి చూపించాడు. వాళ్లు కాసేపు మాతోపాటే వచ్చి పక్కకి తిరిగిపోయారు. ఒక్క తూటా పేలలేదు. ముళ్లతీగ, నీటి గొట్టాలు, ఓడ వేగం కూడా తోడవ్వాలి లెండి, గార్డులొక్కరే సరిపోరు.

ఇక కేసు విషయం. మొదట ఇరుక్కునేది కాల్చినవాడే. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరం దగ్గర ఎన్రికా లెక్సీ అనే ట్యాంకర్ మీదున్న ఇటలీ మెరీన్లు ఇద్దరు మన జాలర్లని దొంగలనుకుని కాల్చారు. ఇద్దరు జాలర్లు చనిపోయారు. ఇటలీ ప్రభుత్వం వెనక నిలబడి కొట్లాడితే, 10 కోట్ల పరిహారంతో ఇక్కడి కేసు ముగిసేసరికి 2021 అయింది. మీవారి వెనక ఏ ప్రభుత్వం నిలబడుతుంది?

కాల్చకపోయినా చిక్కే. 2013లో తూత్తుకుడి దగ్గర సీమన్ గార్డ్ ఓహియో అనే సెక్యూరిటీ కంపెనీ ఓడని పట్టుకున్నారు. గార్డులు, ఓడ సిబ్బంది కలిపి 35 మంది, వాళ్లలో 12 మంది మనవాళ్లే. నేరం అనుమతి లేకుండా ఆయుధాలతో మన జలాల్లో ఉండటం. 2016లో అయిదేళ్ల శిక్ష పడింది, 2017లో మద్రాస్ హైకోర్టు కొట్టేసింది. పోయిన ఏళ్లు ఎవరిస్తారు?

దిల్‌సుఖ్‌నగర్ బాయ్:
సముద్రం మీద ప్రైవేటోళ్లకి తుపాకులిస్తారు, ఊళ్లో మనకెందుకియ్యరు? 2013లో బాంబులు పేలింది మా గల్లీ పక్కనే.

తిరుమలగిరి సుబేదార్:
బాబూ, సైకిల్‌కి కట్టిన బాంబుని తుపాకీతో ఏం చేస్తావు? నేను జమ్మూ కొండల్లోని డోడాలో చేశాను. 1995 నుంచి అక్కడ గ్రామ రక్షణ కమిటీలకి .303 రైఫిళ్లిచ్చారు. పోలీసులు కొండెక్కి రావడానికి గంటలు పట్టే ఊళ్లవి, అక్కడ ఆ రైఫిల్ ప్రాణం నిలబెట్టింది. దానితోనే సొంత పగలు తీర్చుకున్నారని కేసులూ పడ్డాయి. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజన కుర్రాళ్లని ఎస్పీవోలుగా, అంటే స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా పెట్టి మావోయిస్టుల మీదికి ఆయుధాలతో పంపడం చెల్లదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. ఆ బెంచీలో మన జస్టిస్ సుదర్శన్ రెడ్డిగారే ఉన్నారు. తుపాకీ ఇచ్చేవాడు దాని లెక్క కూడా అడగాలి. అడిగేవాడు లేనిచోట ఇవ్వకపోవడమే మేలు. అమ్మా పద్మా, మీవారిని ఒకసారి నాతో మాట్లాడమను, సైనిక్ సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్తాను.

అల్వాల్ పద్మ:
అలాగే బాబాయిగారూ, చెప్తాను. ఇందాక ఏజెంటుకి ఫోన్ చేసి ఓడ ఏ దేశానిదని అడిగాను. ముందు ఇండియా అన్నాడు, రెండు నిమిషాలకి పనామా అన్నాడు. శుక్రవారంలోగా డబ్బు కట్టకపోతే సీటు పోతుందట.

సైనిక్‌పురి సెకండాఫీసర్:
గార్డుల్ని ఎక్కించాలా వద్దా అన్నది ఓడ ఎగరేసే జెండా తాలూకు దేశం చేతిలో ఉంటుంది. అదే తెలియనివాడు ఏం ఉద్యోగం ఇప్పిస్తాడు? ఓడలకి మనుషుల్ని పెట్టే ఏజెంట్లకి ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు నంబరు అడగండి, కేంద్ర ప్రభుత్వ నౌకాయాన శాఖ డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో వెతికితే ఉందో లేదో తెలిసిపోతుంది. ఓడ ఉద్యోగం ఇప్పించినందుకు మన దగ్గర డబ్బు వసూలు చేయడమే నేరం. రూటు కూడా అడగండి. ఎర్ర సముద్రమైతే ఇప్పుడు దొంగల కంటే యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారుల భయం ఎక్కువ. 2025 జూలైలో మ్యాజిక్ సీస్ అనే ఓడ మీద వాళ్లు దాడి చేస్తే గార్డులు ఎదురుకాల్పులు జరిపారు. అయినా ఓడ మునిగింది, సిబ్బంది వేరే ఓడ ఎక్కి బతికారు. శుక్రవారం గడువు పెట్టాడంటే నాకైతే ఇంకేం చూడక్కర్లేదు. కట్టకండి.