చర్చ: పాత ఎచింగ్ గాజు గ్లాసులను గుర్తుపట్టడం ఎలా?

పాతగాజు:
కాడ ఉన్న నీళ్ల గ్లాసులు ఆరు ఈమధ్య ఒక పాత సామాన్ల అమ్మకంలో కొన్నాను. గిన్నె భాగం చుట్టూ వెంట్రుకల్లాంటి సన్నని తెల్లని గీతలతో పూలు ఉన్నాయి కాని, పాదం కింద గాని కాడ మీద గాని ఏ కంపెనీ గుర్తూ కనిపించలేదు. అమ్మినవారు ఇది అమెరికాలోని కేంబ్రిడ్జ్ గ్లాస్ కంపెనీ వారి 'రోజ్ పాయింట్' అనే నమూనా అని గట్టిగా చెప్పారు. ఇంటికి వచ్చి ఆ నమూనా బొమ్మలతో పోల్చి చూస్తే నాకు నమ్మకం కుదరలేదు. గుర్తు లేని గ్లాసు పేరు తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మైనంపూత:
పేరు వెతకడానికి ముందు అది నిజంగా ఎచింగేనా, అంటే ఆమ్లంతో గాజును తినిపించి వేసిన నమూనానేనా అన్నది తేల్చుకోండి. చక్రం మీద కోసిన డిజైన్ అయితే గోరు గాడిలో పడి ఆగుతుంది. ఎచింగ్ మీద గోరు కొద్దిపాటి గరుకు మాత్రమే తెలిసేలా జారిపోతుంది. ప్లేట్ ఎచింగ్‌లో లోహపు పలక మీద చెక్కిన నమూనాను మైనం కలిసిన చిక్కటి సిరాతో పలచటి కాగితం మీద అచ్చువేసి, ఆ కాగితాన్ని గ్లాసు చుట్టూ చేత్తో అంటించి, సిరా గాజుకు పట్టాక కాగితాన్ని తీసేసేవారు. నమూనా లేని మిగతా భాగమంతా మైనంతో కప్పి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచేవారు. సిరా పట్టని గీతల దగ్గర మాత్రమే ఆమ్లం గాజును తినేది.

ఇంత చేతిపని జరిగింది కాబట్టి దాని ఆనవాళ్లు గ్లాసు మీదే మిగిలి ఉంటాయి. లోపల నల్లటి గుడ్డ కుక్కి, భూతద్దంతో గ్లాసును నెమ్మదిగా చుట్టూ తిప్పుతూ చూడండి. కాగితం రెండు కొసలూ కలిసిన చోట ఒక ఆకు మొన తెగి, వెంట్రుక వాసి కిందికి జారి మళ్లీ మొదలవడం కనిపించవచ్చు. మైనం పూతలో ఎక్కడైనా సూదిమొనంత రంధ్రం మిగిలి ఉంటే, నమూనాకు దూరంగా ఒంటరి తెల్ల చుక్క కూడా ఉంటుంది. నేను వీటిని లోపాలుగా చూడను. గ్లాసు కొనేటప్పుడు నేను మొదట వెతికేది వీటినే. ఇళ్లలో వాడే ఎచింగ్ క్రీముతో ఈ కాలంలో చేసిన పని అయితే, పూరేకుల లోపల సన్న గీతల నీడలు లేకుండా అంతా ఒకే మసకగా చదునుగా ఉంటుంది.

కాడగ్లాసు:
పై మాటకు ఒకటి చేర్చాలి. 1930లలో, అమెరికాలో ఆర్థిక మాంద్యం నాటి రోజుల్లో, చౌకగా అమ్మిన డిప్రెషన్ గాజులో కూడా లేసు వంటి సన్నని నమూనాలు ఉంటాయి, హాకింగ్ కంపెనీ 'కేమియో' అలాంటిదే. అక్కడ ఆమ్లంతో చెక్కింది అచ్చును, గాజును కాదు. అందువల్ల నమూనా గాజులో ఉబ్బెత్తుగా వస్తుంది, తెల్లని మసక ఉండదు.

ఇక పేరు సంగతి. కొత్తగా సేకరించేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే అని నా అభిప్రాయం. ఎచింగ్ గ్లాసుకు రెండు పేర్లు ఉంటాయి: ఖాళీ గ్లాసు ఆకారానికి ఒకటి, దాని మీద వేసిన నమూనాకు ఒకటి. ఒకే ఆకారం మీద కంపెనీ అనేక నమూనాలు వేసేది, ఒకే నమూనాను అనేక ఆకారాల మీద వేసేది. ఫోస్టోరియా కంపెనీ 'వెర్సాయ్' (నమూనా నంబరు 278), 'జూన్' (279) అనే రెండు ఎచింగులనూ ఫెయిర్‌ఫాక్స్ అనే 2375వ నంబరు పళ్లేల మీదే వేసింది కాబట్టి, పళ్లెం ఆకారం చూసి ఆ రెంటినీ విడదీయలేము. మీరు పూలను కాసేపు పక్కనపెట్టి కాడను చూడండి. కాడకు ముడులు ఎన్ని ఉన్నాయి, అవి పాదానికి ఎంత ఎత్తులో ఉన్నాయి, గిన్నె అంచు బయటికి వంగిందా నిటారుగా ఉందా అన్నవి రాసుకుని, ఆ కంపెనీల పాత కేటలాగుల పునర్ముద్రణల్లో పోల్చండి. రోజ్ పాయింట్ ఎక్కువగా కనిపించే కేంబ్రిడ్జ్ కాడ నంబరు 3121. మీ కాడ దానితో కలవకపోతే ఆ పేరు మీద అనుమానం బలపడినట్టే.

చిట్లినఅంచు:
గుర్తు లేదని నిరుత్సాహపడకండి. ఫోస్టోరియా ఎక్కువగా కాగితపు చీటీలే అంటించేది, అవి మొదటి కడుగులోనే పోయేవి. గుర్తు ఉన్నా దానితోనే అంతా తేలదు. ఒహాయోలోని నూఆర్క్‌లో పనిచేసిన హైసీ కంపెనీ 1957లో మూతపడిన తర్వాత దాని అచ్చులను ఇంపీరియల్ కంపెనీ 1958లో కొన్నది. డైమండ్ గడిలో 'హెచ్' ఉన్న హైసీ గుర్తును అచ్చుల నుంచి తీసేయకుండానే కొంతకాలం సరుకు తయారుచేసింది. నేను మొదట్లో ఆ గుర్తు ఒక్కటీ చూసి ఒక గిన్నె కొన్నాను. హైసీ వారు ఆ రంగులో ఏదీ చేయలేదని తర్వాత తెలిసి చాలా బాధపడ్డాను. అతినీలలోహిత దీపం కింద ఆకుపచ్చగా వెలగడం కూడా అంతే, గాజులో యురేనియం ఉందని అది చెబుతుంది గాని ఏ కంపెనీదో చెప్పదు.

పాతగాజు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రమంతా వాటితోనే గడిపాను. కాగితం అతుకు ఆరు గ్లాసుల్లోనూ దొరికింది, అయితే ఒక్కొక్క దానిలో ఒక్కో తీరుగా ఉంది: ఒకదానిలో పూల కొమ్మ సరిగ్గా కలిసిపోయింది, మరొకదానిలో రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఆకు రెండుగా కనిపిస్తోంది. ఆ గ్లాసును పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. కాడ 3121 కాదు. వెతగ్గా వెతగ్గా ఫోస్టోరియా 6016తో కలిసింది, ఆ కాడ మీద వేసిన ఎచింగులను ఒక్కొక్కటే చూస్తూ పోతే 327, అంటే 'నవార్', గీత గీతకూ సరిపోయింది.

కాడగ్లాసు:
మీరు పెట్టిన ఫొటోలు చూశాను, నవారే. మీది రంగు లేని గాజు కాబట్టి దాని వయసు ఇదమిత్థంగా చెప్పడం కష్టం, ఎందుకంటే ఈ నమూనా 1930ల రెండో సగంలో మొదలై 1980ల ఆరంభం దాకా తయారైంది. నీలం, గులాబీ రంగు గిన్నెలున్న నవార్ గ్లాసులు చూసి చాలామంది ఇవి ఇంకా పాతవనుకుంటారు, నిజానికి అవి 1970లలో వచ్చినవి. వెస్ట్ వర్జీనియాలోని మౌండ్స్‌విల్‌లో ఉన్న ఫోస్టోరియా కర్మాగారం 1986లో మూతపడింది. అంతకాలం తయారైన నమూనా కావడం వల్ల మీ జతకు తోడు గ్లాసులు దొరికే అవకాశం బాగానే ఉంది.

మైనంపూత:
తోడు గ్లాసులు కొనేటప్పుడు తడిగా ఉన్నదాన్ని మాత్రం కొనకండి. గిన్నెలు కడిగే యంత్రంలో పదే పదే వేసిన గాజు మీద డిటర్జెంటు వల్ల పాలపొర వంటి మసక ఏర్పడుతుంది. నీళ్లు గాని నూనె గాని రాస్తే అది కనిపించకుండా పోయి, ఆరగానే మళ్లీ తేలుతుంది. నీటిలోని ఖనిజాల పొర అయితే వెనిగర్‌లో నానబెడితే పోతుంది, గాజే తినివేయబడితే ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు. యంత్రంలో వేసి నేనే నాలుగు గ్లాసులను అలా పాడుచేసుకున్నాను. ఇప్పుడు వాటి మీద ఎచింగ్ ఎక్కడ ముగిసి మసక ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియదు. మీ ఆరింటినీ తొట్టి అడుగున తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లలో ఒక్కొక్కటిగా చేత్తో కడగండి. తుడిచేటప్పుడు గిన్నెను ఒక చేత్తో, పాదాన్ని మరో చేత్తో పట్టుకుని తిప్పకండి, కాడ అక్కడే విరుగుతుంది.