పిల్లల గదికి జంతువుల బొమ్మల పుస్తకం: ఏమేం చేద్దాం?

అందరికీ నమస్తే. వార్షికోత్సవం రోజు మూడు నుంచి ఆరేళ్ల పిల్లల గది మన బృందానిదే, గంటన్నర సేపు. ఇప్పటిదాకా వచ్చిన సలహాలన్నీ చదివాను. మాస్కులు, ఫేస్ పెయింటింగ్, క్విజ్, పజిల్స్, రంగులు... అన్నీ బాగానే ఉన్నాయి కానీ అన్నీ పెడితే పుస్తకాన్ని పట్టించుకునేవాళ్లే ఉండరు. నేను గట్టిగా కోరేది ఒక్కటే, ఏ ఆటైనా పుస్తకంలోని ఏదో ఒక పేజీలోంచి పుట్టాలి, ఆట అయ్యాక పిల్లలు మళ్లీ ఆ పేజీ తెరిచి చూడాలి. అందుకే మొదట ఒకసారి, చివర్లో ఇంకోసారి అదే పుస్తకం చదువుదాం. ఈ వయసు వాళ్లకి చదివిందే మళ్లీ చదివితే విసుగు రాదు, రెండోసారి మనకంటే ముందే వాళ్లు చెప్పేస్తారు.

చదివేవాళ్లకు ఒక మాట. అందరినీ ఒకేచోట కూర్చోబెడితే వెనకవాళ్లకి బొమ్మ కనిపించదు, కనిపించకపోతే లేచి పరిగెత్తుతారు, అందులో పిల్లల తప్పేం లేదు. ఐదారుగురికి ఒక వలంటీరు, ఒక పుస్తకం ఉండాలి. "ఇదేంటి?" అని అడిగితే "కప్ప" అని ఒక్క ముక్క వస్తుంది, "ఈ కప్ప ఎటు చూస్తోంది, ఇప్పుడేం చేస్తుందంటావ్?" అంటే కబుర్లు మొదలవుతాయి. అడిగాక కాసేపు ఆగండి, మనమే తొందరపడి జవాబు చెప్పేయొద్దు. ఎవరైనా "ఫ్రాగ్" అంటే సరిదిద్దకండి, "అవును, కప్పే! కళ్లు ఎంత పెద్దగా ఉన్నాయో చూడు" అంటూ మీరు తెలుగులో కొనసాగించండి చాలు.

ఇక ఆటలు. జిరాఫీ పేజీ మీద నాకు చాలా ఆశ ఉంది. జిరాఫీ పిల్ల పుట్టినప్పుడే దాదాపు ఆరడుగులు ఉంటుంది, అంటే చాలామంది నాన్నలంత! పొడుగు కాగితం మీద దాన్ని గీసి గోడకు అంటిద్దాం, పిల్లలు పక్కన నిలబడి చూసుకుంటారు. ఐదారేళ్ల వాళ్లకి ఇంకొకటి: అంత పొడుగు మెడలోనూ ఏడే ఎముకలు, మన మెడలోనూ ఏడే. జిరాఫీ మెడకి టిష్యూ రోల్ అట్టగొట్టాలు ఏడు ఒక తాడుకి, మన మెడకి అవే గొట్టాల్ని సన్నగా కోసిన రింగులు ఏడు ఇంకో తాడుకి గుచ్చిస్తే లెక్కపెట్టడం, వేళ్లకు పని రెండూ అయిపోతాయి.

పిల్లి, కుక్క ఉన్న పేజీకి బంకమట్టితో పాదముద్రలు. రెండింటికీ నాలుగు వేళ్లే పడతాయి, కానీ పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి గోటి గుర్తు ఉండదు, కుక్కకి ఉంటుంది. బొటనవేలితో మధ్యలో ఒక పెద్ద గుంట, చూపుడువేలితో నాలుగు చిన్నవి, కుక్కదైతే పెన్సిల్ మొనతో ఒక్కో వేలి ముందు ఒక్కో చుక్క. తర్వాత ఒకరు చేసింది ఇంకొకరు చూసి ఎవరి అడుగో చెప్పాలి. మూడేళ్ల వాళ్లు మట్టి పిసుకుతూ కూర్చున్నా పర్లేదు, వదిలేద్దాం.

మధ్యలో లేచి ఆడే ఆట ఒకటి చాలు: పేజీ చూపించగానే కప్పలా గెంతడం, పీతలా పక్కకు నడవడం, పాములా పాకడం.

రిప్లై, హాల్ ఏర్పాట్ల నుంచి: అక్కా, గోడలకు టేప్ వేయనివ్వరు. ఇంకేదైనా దారి ఉందా?

రిప్లై: అయితే నేల మీద పరిచేద్దాం తమ్ముడూ, ఇంకా బాగుంటుంది. ఒకరి కాళ్ల దగ్గర ఇంకొకరు తల పెట్టి పడుకుంటే ఇద్దరు పిల్లలు కలిసి సుమారుగా ఒక జిరాఫీ పిల్లంత అవుతారు. కాగితం మీద ఎవరూ జారకుండా అంచులకి బరువు పెట్టాలి, అది నువ్వు చూడు.

రిప్లై, కొత్త వలంటీరు: తల్లిదండ్రులు ఇంటికి ఏదో ఒకటి తీసుకెళ్లాలనుకుంటారు కదండీ, పుస్తకం పేజీలే జిరాక్స్ తీసి రంగులేయిస్తే?

రిప్లై: వద్దండీ, ఆ బొమ్మల మీద హక్కు గీసినవాళ్లది, కాపీలు తీసి పంచడం సరికాదు. పాదముద్రల మట్టిబిళ్ల ఇంటికి పంపుదాం, పిల్లి అడుగో కుక్క అడుగో వాళ్లే ఇంట్లో అడుగుతారు. పుస్తకాలు కావలసినన్ని లైబ్రరీ నుంచి తెస్తే సరి.

జాగ్రత్తలు కూడా రాసేస్తున్నా. మూడేళ్లలోపు తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా వెంట వస్తారు, కాబట్టి టిష్యూ రోల్ గొట్టంలో పట్టేంత చిన్న వస్తువు ఏదీ కింద ఉండకూడదు, గొంతులో అడ్డుపడే ప్రమాదం. కొన్ని ఆటముద్దల్లో గోధుమపిండి ఉంటుంది, అది పడని పిల్లలుంటారు, అందుకే బంకమట్టే వాడదాం. ఫొటోలు తీసే ముందు తల్లిదండ్రులను అడగాలి.

చదవడానికి ఇంకా ఇద్దరు కావాలి, మట్టి బల్ల దగ్గర చేతులు కడిగించడానికి ఒకరు. ఎవరెవరు వస్తారో శుక్రవారంలోగా ఇక్కడే చెప్పండి, ఆదివారం ఒకసారి కూర్చుని పుస్తకం పైకి చదివి చూసుకుందాం.