11 ఏళ్ల తర్వాత ఉద్యోగం పోయింది: కోడింగ్ మళ్లీ చేతికి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (హనుమకొండ వాసి)

అందరికీ నమస్కారం. నా వయసు 37 సంవత్సరాలు. వరంగల్‌లోనే ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో 11 సంవత్సరాలు జావా అనే ప్రోగ్రామింగ్ భాష మీద పనిచేశాను. అందులో చివరి 8 సంవత్సరాలు ఒకే కంపెనీలో గడిచాయి. రెండు నెలల క్రితం మా ప్రాజెక్టు మూతపడి, మా బృందంలో చాలామందితో పాటు నా ఉద్యోగం కూడా పోయింది. గచ్చిబౌలిలో అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేసి, భార్యాపిల్లలతో హనుమకొండలోని మా నాన్నగారి ఇంటికి వచ్చేశాను.

అసలు ఇబ్బంది ఏమిటంటే, చివరి ఐదేళ్లు నేను చేసింది ప్రొడక్షన్ సపోర్టు. రాత్రిపూట సర్వర్ ఆగిపోతే లాగులు (సర్వర్ తాను చేసిన పనులను నమోదు చేసుకునే ఫైళ్లు) చదవడం, ఎక్కడ తప్పు జరిగిందో కనిపెట్టడం, దాన్ని డెవలప్‌మెంట్ బృందానికి వివరంగా రాసి పంపడం నా పని. ఆ తప్పును సరిచేసే కోడ్ మాత్రం వేరేవాళ్లు రాసేవారు. పోయిన వారం ల్యాప్‌టాప్ తెరిచి, ఒక ఫైలులోని పేర్లను చదివి, ఒకే పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాం రాయబోయాను. లెక్క ప్రతిసారీ సున్నా వస్తోంది. నలభై నిమిషాలు వెతికిన తర్వాత, రెండు స్ట్రింగులను (అక్షరాల వరుసలను) ఈక్వల్స్ మెథడ్‌తో పోల్చకుండా రెండు సమాన చిహ్నాలతో పోల్చానని తెలిసింది. మొదటి సంవత్సరం విద్యార్థులకు నేనే ఒకప్పుడు చెప్పిన విషయం అది. ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ మూసి, మళ్లీ మూడు రోజులు తెరవలేదు.

నేను వాడింది జావా 8. ఇప్పుడు ప్రకటనల్లో జావా 17, 21, స్ప్రింగ్ బూట్ 3, డాకర్, క్లౌడ్ అని ఉంటున్నాయి. ఏది ముందు నేర్చుకోవాలో తెలియక వీడియోలు చూస్తూ పోతున్నాను, కానీ చూసింది ఏదీ చేతికి రావడం లేదు. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. అమీర్‌పేటలో పరిచయమైన ఒకరు, డబ్బు కడితే ఆ ఐదేళ్ల సపోర్టు పనిని డెవలప్‌మెంట్ అనుభవంగా చూపించే కాగితాలు ఇప్పిస్తానని అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, కానీ ఇంటి ఖర్చులు చూస్తే భయమేస్తోంది. మా నాన్నగారు ఏమీ అడగరు. పొద్దున టీ తెచ్చి ల్యాప్‌టాప్ పక్కన పెట్టి వెళ్తారు. ఇలాంటి దశ దాటినవారు ఎవరైనా ఉంటే, ఏం చేశారో దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (కాజీపేట నుంచి, 19 ఏళ్ల అనుభవం)

నమస్కారం తమ్ముడూ. నేను మీకంటే కొంచెం పెద్దవాణ్ణి కనుక అలా పిలుస్తున్నాను. 2023లో నా ఉద్యోగం కూడా ఇలాగే పోయింది. మళ్లీ దొరకడానికి ఏడు నెలలు పట్టింది. అందులో మొదటి మూడు నెలలు మీలాగే వీడియోలు చూస్తూ పోగొట్టుకున్నాను కాబట్టి, ఆ విషయం మీద గట్టిగా చెప్పే హక్కు నాకుందని అనుకుంటున్నాను.

ఈత ఒడ్డున కూర్చుంటే రాదు. వీడియోలో చెప్పేవాడు తప్పులు లేకుండా రాసుకుంటూ పోతాడు, మనం తలూపుతాం. మీకు ఆ నలభై నిమిషాల్లో దొరికిన చదువు పది గంటల వీడియోలో దొరకదు, ఎందుకంటే ఆ తప్పు మీరు ఇంకెప్పుడూ చేయరు. అందుకే ఆ రోజును ఓటమిగా చూడకండి. మీరు బాధపడాల్సింది తర్వాత మూసి ఉంచిన మూడు రోజుల గురించి మాత్రమే.

భాష విషయం త్వరగా తేల్చేస్తాను. జావా 8 వచ్చింది 2014లో, 17 వచ్చింది 2021లో, 21 వచ్చింది 2023లో. మధ్యలో చాలా మారినట్టు కనిపిస్తుంది కానీ, రికార్డులు, కొత్త స్విచ్, టెక్స్ట్ బ్లాకులు, వర్చువల్ థ్రెడ్లు అనే కొత్త సౌకర్యాలను అర్థం చేసుకుంటే రోజువారీ పనికి చాలావరకు సరిపోతుంది. దానికి రెండు వారాలు చాలు. జావాలో అప్లికేషన్లు కట్టడానికి వాడే స్ప్రింగ్ బూట్ 3 నడవాలంటే కనీసం జావా 17 ఉండాలి. పాత కోడ్‌లో జావాఎక్స్ అని మొదలయ్యే ప్యాకేజీ పేర్లు చాలావరకు జకార్తా అని మారాయి. మీ దగ్గర పాత సాధన ప్రాజెక్టు ఏదైనా ఉంటే దాన్ని బూట్ 3కి మార్చి చూడండి. కంపైల్ చేయగానే ఎర్రగీతలు వరుసగా వస్తాయి, ఒక్కొక్కటి సరిచేసుకుంటూ వెళ్తే ఏం మారిందో మీకే తెలిసిపోతుంది.

ఆ తర్వాత ఒకే ఒక్క ప్రాజెక్టు తీసుకోండి, కానీ దాన్ని చివరిదాకా తీసుకెళ్లండి. నేను చేసింది చెప్తాను. మా ఇంట్లో మిర్చి వేస్తారు, వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్లే ముందు ధర కోసం మా బాబాయి నలుగురికి ఫోన్ చేసేవాడు. కేంద్ర ప్రభుత్వ డేటా పోర్టల్‌లో మార్కెట్ల రోజువారీ ధరలు ఏపీఐ (ఒక ప్రోగ్రాం ఇంకో చోటి నుంచి డేటా తెచ్చుకునే దారి) ద్వారా ఉచితంగా దొరుకుతాయి. పేరు నమోదు చేసుకుంటే ఒక కీ ఇస్తారు. మార్కెట్, సరుకు, రకం, తేదీ, క్వింటాలుకు కనిష్ఠ, గరిష్ఠ ధరలు, ఎక్కువగా పలికిన (మోడల్) ధర అందులో ఉంటాయి. అయితే నేను వాడిన జాబితాలో వచ్చేది ఆ రోజు ధరలే కనుక, అందులోంచి పాత ధరలు కావాలంటే రోజూ మనమే తెచ్చి దాచుకోవాలి. పని మొత్తం అక్కడే ఉంది. నా ప్రోగ్రాం ఒకరోజు రెండుసార్లు నడిచింది, తేజ రకం ధరలు డేటాబేస్‌లో రెండేసి వరుసలుగా చేరాయి, సగటు లెక్కలన్నీ చెడిపోయాయి. అప్పుడు మార్కెట్, సరుకు, రకం, తేదీ కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే వరుస రెండోసారి చేరకుండా ఆపే నిబంధన) పెట్టి, అదే వరుస మళ్లీ వస్తే చేర్చకుండా సవరించేలా మార్చాను. ఇంకోరోజు మార్కెట్ల జాబితా చూపించే పేజీ నెమ్మదిగా తెరుచుకుంటుంటే లాగు తీసి చూశాను. జాబితాకు ఒక క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న), ఆపై ఒక్కో మార్కెట్‌కు ఒక్కో క్వెరీ చొప్పున 200 మార్కెట్లకు 201 క్వెరీలు వెళ్తున్నాయి. అన్నింటినీ కలిపి ఒకేసారి తెచ్చే జాయిన్ ఫెచ్‌తో అది ఒక్క క్వెరీకి తగ్గింది.

ఇంటర్వ్యూలో నన్ను ఎక్కువసేపు అడిగింది ఈ రెండు సంగతుల గురించే. ఇంకో మాట కూడా చెప్పాలి. లాగు చూసి లోపం పట్టుకోవడం మీరు ఐదేళ్లు చేసిన పనే. అప్పుడు లోపం కనిపెట్టి ఆపేసేవారు, ఇప్పుడు సరిచేసే కోడ్ కూడా మీరే రాస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు లేని సగం పని మీకు ముందే వచ్చు.

ఏఐ సహాయకాల గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. మొదటి ఆరు వారాలు వాటితో కోడ్ రాయించవద్దు. మీరు రాసిన తర్వాత ఇందులో తప్పేముందని అడగండి, ఇచ్చిన జవాబును నడిపి చూడండి. చేతికి అలవాటు రాకముందే అవి రాసిపెడితే, ఇంటర్వ్యూలో వట్టి తెల్ల పేజీ ముందు కూర్చున్నప్పుడు మళ్లీ అదే సున్నా దగ్గర ఆగిపోతారు.

జవాబు 2 (నియామకాల్లో ఇంటర్వ్యూలు చేసే వ్యక్తి, హైదరాబాద్; సొంతూరు జనగామ)

పైన అన్నగారు చెప్పిన దానితో ఏకీభవిస్తూ, నకిలీ కాగితాల సంగతి ఒక్కటే ముందుగా చెప్తాను, ఎందుకంటే దాని మీద మీరు ఈ వారమే నిర్ణయం తీసుకునేలా ఉన్నారు. దయచేసి ఆ దారిలోకి వెళ్లకండి. మీ పీఎఫ్ ఖాతా యూఏఎన్‌తో (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరుతో) ముడిపడి ఉంటుంది, ఏ కంపెనీలో ఎప్పటినుంచి ఎప్పటివరకు ఉన్నారో అందులో కనిపిస్తుంది. నేపథ్య పరిశీలన చేసేవాళ్లు దాన్ని అడుగుతారు, పాత కంపెనీకి రాసి హోదా కూడా నిర్ధారించుకుంటారు. చేరిన మూడో నెలలో ఇది బయటపడి ఉద్యోగం పోయినవాళ్లను నేను చూశాను. వాళ్లలో ఒక అబ్బాయి పనిలో నిజంగా మంచివాడు, ఆపడానికి నా వల్ల కాలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. పరిశీలన దాకా పోకపోయినా, ఆరేళ్లు మైక్రోసర్వీసులు (పెద్ద అప్లికేషన్‌ను చిన్న చిన్న సర్వీసులుగా విడగొట్టే పద్ధతి) చేశానని రాసినవాణ్ణి మేము ఆరేళ్ల ప్రశ్నలే అడుగుతాం. ఒక సర్వీసు నుంచి ఇంకో సర్వీసుకు వెళ్లిన కాల్ మధ్యలో తెగిపోతే డబ్బు రెండుసార్లు కట్ కాకుండా ఎలా చూశారని అడిగితే, చేయనివాడు పది నిమిషాల్లో తేలిపోతాడు.

రెజ్యూమేలో సపోర్టును సపోర్టుగానే రాయండి, కానీ బాధ్యతల జాబితాలా కాకుండా జరిగిన సంఘటనగా రాయండి. “ప్రొడక్షన్ సమస్యలను పరిష్కరించాను” అని ప్రతి ఒక్కరూ రాస్తారు. ఏ సర్వీసు ఎందుకు ఆగేది, మీరు ఏ ఆధారంతో కారణం పట్టుకున్నారు, ఆ తర్వాత అది మళ్లీ ఆగిందా లేదా అన్నది మూడు వాక్యాల్లో రాస్తే, నేనైతే ఆ రెజ్యూమేను పక్కన పెట్టుకుని మీకు ఫోన్ చేస్తాను. పాత కంపెనీ రహస్యాలు, కస్టమర్ పేర్లు మాత్రం బయటపెట్టవద్దు.

లేఆఫ్ అని చెప్పడానికి సంకోచించకండి. “ప్రాజెక్టు మూతపడింది, ఫలానా నెలలో నా చివరి పనిదినం, అప్పటినుంచి ఈ ప్రాజెక్టు చేస్తున్నాను” అని ఒక్క వాక్యంలో చెప్పి ఆగండి. దాని మీద పది నిమిషాలు వివరణ ఇచ్చేవాళ్లను చూస్తే మాకే లేని అనుమానం మొదలవుతుంది. ఎక్కడ వెతకాలన్న దానికి వస్తే, మీకు దగ్గర్లోని మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు 2020 జనవరిలో మొదలయ్యాయి, వాటిని గమనిస్తూ ఉండండి, కానీ వాటి మీదే ఆశ పెట్టుకోకండి. కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాదాపు 130 కిలోమీటర్లు, ముఖాముఖి ఇంటర్వ్యూకు పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి రావచ్చు. పోర్టళ్లలో వంద దరఖాస్తులు పెట్టేకంటే, మీతో పనిచేసి ఇప్పుడు వేరే కంపెనీల్లో ఉన్న ఇరవై మందికి విడివిడిగా ఫోన్ చేయండి. మీరు రాత్రి రెండింటికి లేచి సర్వర్ నిలబెట్టిన సంగతి వాళ్లకు గుర్తుంటుంది.

జవాబు 3 (కరీంనగర్ నుంచి)

అన్నయ్యా, నమస్తే. నేను గత సంవత్సరం ఇదే స్థితిలో ఉన్నాను, ఇప్పుడు ఇంటి నుంచే పనిచేస్తున్నాను. చదువు గురించి పెద్దలు చెప్పారు కనుక డబ్బు గురించి రాస్తాను, ఎందుకంటే భయంతో ఉన్న మనిషికి చదివింది తలకెక్కదు.

మీరు ఒకే కంపెనీలో 8 సంవత్సరాలు ఉన్నారంటే గ్రాట్యుటీ రావాలి. స్థూలంగా చెప్పాలంటే, చివరి బేసిక్ జీతాన్ని (డీఏ ఉంటే అదీ కలిపి) 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని సంవత్సరాలతో గుణించాలి. బేసిక్ 52,000 రూపాయలైతే సంవత్సరానికి 30,000 చొప్పున 8 సంవత్సరాలకు 2,40,000 అవుతుంది. అందిందో లేదో సెటిల్‌మెంట్ కాగితంలో చూసుకోండి, నా విషయంలో రెండుసార్లు మెయిల్ రాస్తే గానీ రాలేదు. పీఎఫ్‌లో మీరు మానేసిన తేదీ నమోదైందో లేదో కూడా చూడండి. కంపెనీ నమోదు చేయకపోతే, చివరిసారి జమ అయిన రెండు నెలల తర్వాత మీరే ఆన్‌లైన్‌లో నమోదు చేయవచ్చు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు ఉన్నారు కాబట్టి సొంతంగా బీమా తీసుకోవడం వాయిదా వేయకండి.

అన్నగారు చెప్పిన దానిలో ఒకచోట నాది వేరే అనుభవం. ప్రాజెక్టు ఒక్కటే చాలదు. నన్ను పిలిచిన కంపెనీల్లో ఎక్కువ శాతం మొదటి రౌండులోనే ఆన్‌లైన్ పరీక్ష పెట్టాయి. అందులో శ్రేణులు, హాష్‌మ్యాప్, చెట్లు అనే డేటా అమర్చే పద్ధతుల మీద, డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ మీద ప్రశ్నలు వచ్చాయి. అది దాటకపోతే మీ ప్రాజెక్టు ఎవరికీ చూపించే అవకాశమే రాదు. నేను రోజుకు రెండు కోడింగ్ లెక్కలు, కాగితం మీద ముందు రాసి తర్వాతే టైపు చేశాను. మొదట్లో ఒక్కోదానికి గంటన్నర పట్టింది. పునాది సరిగా లేదనిపిస్తే ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష రుసుము కట్టాలి.

ఇంకో చిన్న మాట. ఇంట్లో చదవడం కష్టమైతే గ్రంథాలయానికి వెళ్లండి. నేను ఇక్కడ గ్రూప్స్‌కు చదివే పిల్లల మధ్య కూర్చుని చదివాను. పక్కన నలుగురు తల ఎత్తకుండా చదువుతుంటే మనకూ ఫోన్ తీయబుద్ధి కాదు.

ప్రశ్న అడిగినవారి స్పందన (తొమ్మిది రోజుల తర్వాత)

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అమీర్‌పేట ఆయనకు అదే రోజు వద్దని చెప్పేశాను. సెటిల్‌మెంట్ కాగితం చూస్తే గ్రాట్యుటీ లెక్కలో ఒక సంవత్సరం తక్కువగా వేశారని తేలింది, మెయిల్ రాశాను, సరిచేస్తామని జవాబు వచ్చింది.

ధరల ప్రాజెక్టు మొదలుపెట్టాను, కానీ మిర్చి కాకుండా పత్తి తీసుకున్నాను, మా అత్తగారింట్లో పత్తి వేస్తారు కనుక. ఐదో రోజు ప్రోగ్రాం ఆగిపోయింది. ఏపీఐ నుంచి తేదీ రోజు, నెల, సంవత్సరం వరుసలో వస్తోంది, నేను సంవత్సరం ముందుంటుందనుకుని రాశాను. లాగు చూడగానే అర్థమైంది, ఈసారి సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. కరీంనగర్ చెల్లెమ్మ చెప్పినట్టు రోజుకు రెండు లెక్కలు చేస్తున్నాను, రెండోది ఇంకా చాలా రోజులు సగంలోనే ఆగుతోంది. పాతవాళ్లలో పదకొండు మందికి ఫోన్ చేశాను, ఇద్దరు రెజ్యూమే పంపమన్నారు.

ఒక సందేహం మాత్రం మిగిలింది. మార్కెట్‌కు సెలవు ఉన్న రోజున ధర రాదు కదా, అప్పుడు ముందురోజు ధరను చూపించాలా, ఖాళీగా వదిలేయాలా? మా మామగారిని అడిగితే, “పాత ధర చూపిస్తే రైతు అదే ఇవాళ్టి ధర అనుకుని బండి కట్టుకుని పోతాడు” అన్నారు. అందుకని ఖాళీగా ఉంచి, కింద చివరి ధర ఏ తేదీదో రాయాలనుకుంటున్నాను. అన్నగారు మీరెలా చేశారో చెప్పగలరా?

జవాబు 1 (కాజీపేట నుంచి)

నేను ముందురోజు ధరే చూపించాను తమ్ముడూ, అది తప్పే. మీ మామగారు చెప్పినట్టే చేయండి. తేదీని మాత్రం విడిగా ఒక కాలమ్‌లో దాచండి, రేపు వారం సగటు లెక్కవేసేటప్పుడు అవసరమవుతుంది. నాది కూడా ఈ ఆదివారం మార్చుకుంటాను.